అంగుళానికి అడుగు
పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

మా ఊళ్లో పాత పెంకుటింట్లో చిన్న చిత్రకళా మ్యూజియం నడుపుతున్నాం. వీధి గుమ్మం ముందు మూడు మెట్లున్నాయి. వీల్‌ఛైర్ కోసం ఆరడుగుల ర్యాంపు పోస్తే చాలని మేస్త్రీ అంటున్నాడు. చాలుతుందా?
– మచిలీపట్నం

చాలదు. మెట్టు ఆరంగుళాల చొప్పున మూడు మెట్లకు 18 అంగుళాల ఎత్తు. ర్యాంపు లెక్క చాలా తేలిక: అంగుళం ఎత్తుకు అడుగు పొడవు. దీన్నే 1:12 వాలు అంటారు. అంటే మీకు 18 అడుగులు కావాలి. పైన గుమ్మం ముందు అయిదడుగులు, కింద మరో అయిదడుగులు చదునుగా ఉండాలి. ఆరడుగుల్లో సరిపెడితే వాలు 1:4 అవుతుంది. అంత వాలులో వీల్‌ఛైర్‌లోని మనిషి సొంతంగా ఎక్కలేరు. ఎవరైనా వెనక నుంచి తోసినా కుర్చీ వెనక్కి ఒరుగుతుంది. దిగేటప్పుడైతే చెయ్యి జారిందంటే నేరుగా రోడ్డు మీదికే.

ముందు స్థలం లేకపోతే ర్యాంపును మలుపు తిప్పండి. మలుపు దగ్గర అయిదడుగుల చదరం చదునుగా వదలాలి, లేకపోతే కుర్చీ తిరగదు. వెడల్పు నాలుగడుగులు. రెండు పక్కలా రెయిలింగు, మూడడుగుల ఎత్తున ఒక కమ్మి, రెండున్నర అడుగుల దగ్గర మరొకటి. ర్యాంపు అయిపోయాక కూడా కమ్మి మరో అడుగు ముందుకు రావాలి. చేతికర్రతో నడిచేవారికి ఆ చివరి అడుగు దగ్గరే పట్టు కావాలి. అంచుల వెంట నాలుగంగుళాల గట్టు కడితే ముందు చక్రం పక్కకు జారిపోదు. పైన నున్నటి గ్రానైటు మాత్రం వద్దు. ఎండలో మెరుస్తుంది, వానకు జారుతుంది. గరుకు సిమెంటే మేలు.

పాత గోడకు ర్యాంపును అతికించకండి. ఇనుప చట్రం మీద విడిగా నిలబెడితే, రేపు తీసేసినా ఇల్లు ఇల్లులాగే ఉంటుంది. అన్నిటికన్నా ముందు పెరటి గుమ్మం చూడండి. అక్కడ ఒకటే మెట్టుంటే ఆరడుగులతో పని అయిపోతుంది. కాకపోతే ఆ దారి అందరికీ తెరిచి ఉండాలి. తాళం వేసి, ఎవరైనా వచ్చినప్పుడు తాళంచెవి కోసం వెతికే పద్ధతి పెట్టుకోవద్దు.

ర్యాంపు కట్టాక మిగిలేది గడపలు. మన పాత ఇళ్లలో ప్రతి గదికీ గడప ఉంటుంది. పసుపు రాసిన గడపను కోయమంటే ఎవరూ ఒప్పుకోరు, కోయక్కర్లేదు కూడా. రెండంగుళాల గడపకు ఇటు రెండడుగులు, అటు రెండడుగులు చెక్క వాలు పెడితే సరి. రెండు రెక్కల తలుపులున్నచోట ఒక రెక్కే తెరిచే అలవాటు మానాలి. వీల్‌ఛైరే రెండడుగుల పైన వెడల్పుంటుంది, చక్రాలు తిప్పే మోచేతులకూ చోటు కావాలి కదా. మూడడుగుల ఖాళీ దొరకాలి. గుమ్మంలో కొబ్బరిపీచు పట్టా తీసేయండి, చిన్న చక్రాలు దానిలోనే ఇరుక్కుంటాయి.

మాది కలంకారీ ప్రదర్శనశాల. చూపులేని వారికోసం బ్రెయిలీ బోర్డులు చేయిస్తానని ఒక దాత అంటున్నారు. ఏమేం రాయించాలి?
– శ్రీకాళహస్తి

బోర్డులు కాస్త ఆగనివ్వండి. నడివయసులో చూపు పోయినవారిలో చాలామందికి బ్రెయిలీ రాదు. వచ్చినవారికి కూడా, బొమ్మ అద్దం వెనక ఉండిపోయి దాని పేరు మాత్రమే చేతికి తగిలితే ఏం లాభం? ఆ డబ్బుతో ముందు తాకి చూసే బల్ల ఒకటి పెట్టండి. కలంకారీకి ఇంతకన్నా అనువైన కళ లేదు. వెదురు పుల్లకు గుడ్డ చుట్టి దారం కట్టిన కలం, ఏమీ చేయని గాడా గుడ్డ (ముతక నూలు గుడ్డ), కరక్కాయ పొడి కలిపిన పాలలో ముంచి ఆరబెట్టిన గుడ్డ, రంగులద్ది ఉతికిన గుడ్డ వరసగా పెట్టండి. ముతకదనంలో తేడా వేలికి తెలుస్తుంది, వాసన ముక్కుకు తెలుస్తుంది. అచ్చులతో కలంకారీ వేసే పెడన నుంచి, వాడి పక్కన పెట్టిన చెక్క అచ్చులు నాలుగు తెప్పిస్తే, లతలూ పూలూ చేత్తోనే చదవొచ్చు. బల్ల పైభాగం 30 నుంచి 32 అంగుళాల ఎత్తులో, కింద మోకాళ్లు దూరేలా ఖాళీగా ఉండాలి. చేతి తొడుగులు ఇవ్వకండి, స్పర్శ సగం పోతుంది. ఉంగరాలు, గడియారాలు తీయమంటే చాలు.

బొమ్మను ఉబ్బెత్తుగా చేయించేటప్పుడు అందరూ చేసే పొరపాటు ఒకటుంది. ఉన్న గీతలన్నీ ఉబ్బిస్తారు. కంటికి బాగుంటుంది గానీ వేలికి చింతపిక్కల గంపలా తగులుతుంది. గీతల మధ్య కనీసం మూడు మిల్లీమీటర్లు ఎడం ఉండాలి. ఒకదాని మీద ఒకటి పడే ఆకారాలను విడదీయాలి. రథం, గుర్రాలు, మనుషులు కలిసి ఉన్న బొమ్మయితే మొదటి అట్ట మీద మొత్తం అమరిక, రెండో అట్ట మీద ఒక్క ముఖం. డబ్బు లేకపోతే అట్ట మీద దారం, గోనెపట్టా, ఇసుకకాగితం అతికించినా పని జరుగుతుంది. ఏది చేయించినా, పూర్తి కాకముందే చూపులేని ఇద్దరు ముగ్గురికి ఇచ్చి చూపించండి, వారి సమయానికి డబ్బు చెల్లించండి. పెద్ద మ్యూజియాల్లో ఈ పని చూడాలంటే ఢిల్లీ నేషనల్ మ్యూజియంలో ‘అనుభవ్’ గ్యాలరీ ఉంది.

మాటల్లో వర్ణించేటప్పుడు కథతో మొదలుపెట్టకండి. ముందు కొలత (మూరల్లో చెబితే శరీరానికి వెంటనే తెలుస్తుంది), తర్వాత గుడ్డా రంగులూ, ఆపైన మధ్యలో ఏముంది, చుట్టూ ఏముంది. కథ ఆఖర్న.

ఇక బ్రెయిలీ. గోడ మీద తల ఎత్తున పెడితే మణికట్టు విరిచి చదవాలి. నడుం ఎత్తున, ఏటవాలుగా పెట్టించండి. చుక్కల మధ్య దూరం రెండున్నర మిల్లీమీటర్లు. డిజైనర్లు అందం కోసం పెద్దవి చేస్తారు, అప్పుడు అక్షరం వేలికొసకు అందదు. ఇంకొందరు చుక్కలను ఊరికే రంగుతో అచ్చు వేసి బ్రెయిలీ అంటారు. తెలుగు బ్రెయిలీ, భారతీయ భాషలకు ఉమ్మడిగా ఉన్న భారతీ బ్రెయిలీ పద్ధతిలో ఉంటుంది. చదవడం వచ్చినవారు సరిచూడకుండా డబ్బు ఇవ్వకండి.

పెద్దవాళ్లు లేబుల్స్ కనబడటం లేదంటున్నారు. దీపాలు పెంచితే బొమ్మలు పాడవుతాయంటున్నారు.
– వరంగల్

రెండూ నిజమే. కాగితం, గుడ్డ మీది రంగులకు 50 లక్స్ (వెలుగును కొలిచే ప్రమాణం) మించి వెలుగు పెట్టరు. కాబట్టి బొమ్మ మీద వెలిగే దీపాన్ని మార్చకుండా, లేబుల్‌ను పక్కకు జరిపి దానికి వేరే చిన్న దీపం ఇవ్వండి. లేబుల్ నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తులో ఉంటే కూర్చున్నవారికీ నిలబడ్డవారికీ అందుతుంది. ఇంగ్లిష్‌కు సరిపోయే సైజు తెలుగుకు చాలదు. కింద వత్తులకూ పైన గుడులకూ చోటిచ్చేసరికి అసలు అక్షరం చిన్నదైపోతుంది. 24 పాయింట్లకు తగ్గొద్దు, వరసల మధ్య ఎడం పెంచండి. సన్నగీతల ఫాంటులో ప, ష, వ, మ ఒకేలా కనిపిస్తాయి. మెరిసే లామినేషన్ వద్దు. ఇవన్నీ కుదరకపోతే, లేబుల్స్ అన్నీ పెద్దక్షరాల్లో అచ్చువేసిన పుస్తకం గుమ్మం దగ్గర పెట్టండి. కావలసినవారు కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చదువుకుంటారు.

వినికిడి లేని పిల్లలు బడి నుంచి వస్తున్నారు. రాసిన కాగితం ఇస్తే సరిపోతుందా?
– కరీంనగర్

చాలామందికి సైగల భాషే మొదటి భాష, రాతలోని తెలుగు రెండోది. కాగితంలో చిన్న వాక్యాలు రాయండి, సైగల అనువాదకుల్ని కూడా పిలవండి. గైడ్లు మరిచిపోయే సంగతి ఇంకొకటి: వినేవాళ్లు చెవితో వింటూ కంటితో చూస్తారు. ఈ పిల్లలకు రెండు పనులూ కంటితోనే. ‘ఇటు చూడండి’ అని బొమ్మ చూపిస్తూ మాట్లాడితే ఏదో ఒకటి పోతుంది. ముందు అర నిమిషం బొమ్మ చూడనివ్వండి, తర్వాత చెప్పండి, మళ్లీ చూడనివ్వండి. చెప్పేవారి ముఖం మీద వెలుగుండాలి, కిటికీకి వీపు పెట్టి నిలబడొద్దు.

మాది ప్రైవేటు ట్రస్టు. ఇవన్నీ మాకూ వర్తిస్తాయా?
– హైదరాబాద్

వర్తిస్తాయి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రజలు వచ్చిపోయే భవనం ప్రైవేటుదైనా అది ప్రజాభవనమే. ఆ చట్టం 21 రకాల వైకల్యాలను లెక్కలోకి తీసుకుంటుంది. మొదటి ఉల్లంఘనకు 10,000 రూపాయల దాకా జరిమానా, ఆ తర్వాత 50,000 నుంచి 5 లక్షల దాకా. భవనాలు దివ్యాంగులకు అందుబాటులో ఉండేందుకు పెట్టిన ప్రమాణాలు కేవలం సూచనలుగా ఉంటే చాలదని, కొన్నిటిని తప్పనిసరి చేయాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది.

డబ్బు లేకుండా రేపే చేయగలిగేవి ఉన్నాయి. ర్యాంపు మొదట్లో నిలిపే బైకులు, దాని మీద పేర్చే పూలకుండీలు తీయించండి. గదికో చేతుల కుర్చీ వేయండి. గుమ్మం వెడల్పు, మెట్ల సంఖ్య ముందే తెలిసేలా ఆహ్వానపత్రిక మీద వేయండి. వికలాంగుల మరుగుదొడ్డిలో చీపుళ్లు, పాత ఫ్లెక్సీలు దాచి ఉంటే ఖాళీ చేసి, తలుపు బయటికి తెరుచుకుంటుందో లేదో చూడండి. లోపలికి తెరుచుకుంటే, లోపల ఎవరైనా పడిపోయినప్పుడు ఆ మనిషే తలుపుకు అడ్డమవుతారు.