చిగుళ్లకు చికిత్స చేయిస్తే షుగర్ తగ్గుతుందా?

కొంత తగ్గుతుంది. 2022లో వైద్య పరిశోధనలను బేరీజు వేసే కొక్రేన్ సంస్థ 35 క్లినికల్ ట్రయల్స్‌ను సమీక్షించింది. పళ్లకు, వాటి వేర్లకు పట్టిన గారను తీయించుకున్న, చిగుళ్ల జబ్బున్న షుగర్ రోగుల్లో మూడు నాలుగు నెలలకు హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే రక్తపరీక్ష) సగటున 0.43 శాతం తగ్గింది. అంటే 8 ఉన్నది 7.6 దగ్గరికి వస్తుంది. మాత్రలకు ఇది బదులు కాదు కానీ, చిన్న లాభమేం కాదు.

ఎందుకు తగ్గుతుంది? చిగురు పంటిని వదిలేసిన చోట సంచిలా ఖాళీ ఏర్పడి, అందులో బ్యాక్టీరియా చేరుతుంది. డెంటిస్ట్ గీతలున్న సన్నటి పుల్లలాంటి పరికరం పెట్టి దాని లోతు కొలుస్తారు. 3 మిల్లీమీటర్ల దాకా పర్వాలేదు. 5, 6 ఉంటే లోపల వాపు చాలాకాలంగా ఉన్నట్టే. ఆ వాపు తాలూకు రసాయనాలు రక్తంలో కలిసి ఇన్సులిన్ పనిని మందగింపజేస్తాయి.

అన్ని ట్రయల్సూ ఒకే మాట చెప్పలేదు. 2013లో అమెరికాలో 514 మందిపై చేసిన దానిలో షుగర్ తగ్గలేదు. అయితే అందులో చికిత్స తర్వాత కూడా చాలామందికి పాచి, రక్తం కారడం బాగా మిగిలే ఉన్నాయని నిపుణులు విమర్శించారు. ఆ విమర్శ నాకు సబబే అనిపిస్తుంది. 2018లో లండన్‌లో గట్టిగా, పదేపదే చికిత్స చేసినప్పుడు ఏడాది తర్వాత హెచ్‌బీఏ1సీలో 0.6 శాతం తేడా కనిపించింది.

క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులైపోతాయని చాలామందికి భయం. ఎముక అరిగి ఏర్పడిన సందులను అప్పటిదాకా గారే కప్పి ఉంచుతుంది, అది పోగానే అవి బయటపడతాయి, అంతే.