‘తప్పు పట్టడం’ వేరు, ‘తప్పు పట్టుకోవడం’ వేరు

సందేహం: ఆపరేటింగ్ సిస్టమ్ పనిచేస్తున్నప్పుడే అందులోని లోపాలను వెదికే ఎస్‌ట్రేస్, డీట్రేస్ వంటి వాటి గురించి తెలుగులో వ్యాసం రాస్తున్నాను. ‘లైవ్ సిస్టమ్ డీబగింగ్ టూల్స్’ అన్నదాన్ని ‘సజీవ వ్యవస్థ దోషపరిహార సాధనాలు’ అని రాశాను. ‘తప్పులు పట్టే పనిముట్లు’ అంటే చాలని మిత్రుడు అంటున్నాడు. ఏది సరైనది? ‘ట్రేస్’, ‘ప్రోబ్’లకు ఏమనాలి?
– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాదు

సమాధానం: రెండూ కుదరవు. అయితే మీ మిత్రుడి మాట దాదాపు గమ్యం చేరి, ఒక్క సహాయక్రియ దగ్గర ఆగిపోయింది. అక్కడి నుంచే మొదలుపెడతాను.

‘అత్తగారు కోడలి వంటను తప్పు పట్టింది’ అంటాం. ‘గుమాస్తా లెక్కలో తప్పు పట్టుకున్నాడు’ అంటాం. మొదటి వాక్యంలో వంటలో లోపం ఉండనక్కరలేదు, ఎంచేవారి మాటే చాలు. రెండో వాక్యంలో తప్పు ముందే అక్కడ దాగి ఉంది, వెదికినవాడి చేతికి చిక్కింది. దొంగను పట్టుకోవడం లాంటిదే ఇది. ‘కొను’ చేరితే అర్థం ఇంతగా మారిపోతుంది. మీ పనిముట్లు ప్రోగ్రామును నిందించవు, దాగిన లోపాన్ని దొరకబుచ్చుకుంటాయి. కనుక ‘తప్పు పట్టుకునే’ అనాలి. ‘దోషపరిహారం’ అనగానే మనవాళ్లకు జాతకం, గ్రహశాంతి గుర్తుకొస్తాయి. పైగా ఈ పనిముట్లు లోపం ఎక్కడుందో చూపుతాయే తప్ప దాన్ని సరిదిద్దవు.

ఇక ‘లైవ్’. ఆ ఒక్క మాట చేసే పనికి తెలుగులో చాలా మాటలున్నాయి. ప్రసారమైతే ప్రత్యక్షం, చేప అయితే బతికి ఉన్నది, తీగ అయితే కరెంటు ఉన్నది, యంత్రమైతే నడుస్తున్నది. ‘సజీవ’ అంటే పత్రికలు చదివేవారికి ముందు తట్టేది సజీవ దహనమే. మీరు చెప్పదలచినది వ్యవస్థ గుణం కాదు, పని జరిగే తీరు. దానికి విశేషణం వెదకడమెందుకు? ‘నడుస్తుండగానే’ అనండి. ‘వ్యవస్థ నడుస్తుండగానే తప్పులు పట్టుకునే పనిముట్లు’. మీ శీర్షిక కంటే కాస్త పొడవే, కానీ ఒక్కసారి చదివితే బోధపడుతుంది.

ఆ ‘గానే’ ఊరికే పెట్టింది కాదు. 1991లో సన్ఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం పుట్టి తరువాత లినక్సుకు వచ్చిన ఎస్‌ట్రేస్, ప్రోగ్రాము ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండె వంటి కెర్నెల్‌ను ఏదైనా అడిగిన ప్రతిసారీ రెండు చోట్ల దాన్ని నిలిపి చూస్తుంది: కెర్నెల్‌లోకి వెళ్లేటప్పుడు, తిరిగి వచ్చేటప్పుడు. అందుకే ప్రోగ్రాము బాగా నెమ్మదిస్తుంది. వేలమంది వాడుతున్న సర్వరు మీద దాన్ని ప్రయోగించాలంటే జంకు సహజం. సన్ మైక్రోసిస్టమ్స్ కంపెనీ 2005లో తన ఆపరేటింగ్ సిస్టమ్ సొలారిస్ 10తో ఇచ్చిన డీట్రేస్ ఈ చిక్కు తీర్చడానికే వచ్చింది. మనం అడిగిన చోట మాత్రమే చూస్తుంది, అడగనప్పుడు వ్యవస్థ మీద దాని బరువే ఉండదు. మొదటిది ‘ఆపి ఆపి చూడటం’, రెండోది ‘నడుస్తుండగానే చూడటం’. మీ వ్యాసంలో ఈ తేడా తప్పక కనిపించాలి.

‘ట్రేస్’కు ‘జాడ’ను మించిన మాట లేదు. ‘ఆచూకీ’ తప్పిపోయినవారి కోసం, ‘ఆనవాలు’ గుర్తుపట్టడం కోసం. తప్పిపోయిన ఎద్దు కోసం రైతు ఒక్కొక్క గిట్ట గుర్తునూ చూసుకుంటూ వెళతాడు కదా, అది జాడ. ఒక ప్రోగ్రాము ఏ సందేశమూ ఇవ్వకుండా ఆగిపోయిందనుకోండి. ఎస్‌ట్రేస్ అది వేసిన అడుగులన్నీ వరసగా రాసి చూపుతుంది: ఈ ఫైలు తెరిచింది, చదివింది, మరో ఫైలు అడిగింది, ‘ఆ పేరుతో ఫైలు లేదు’ అని జవాబు వచ్చింది. చాలాసార్లు జాడ తెగిన ఆ చివరి వరసల్లోనే కారణం దొరుకుతుంది.

‘ప్రోబ్’కు ‘శోధిని’ అనే కన్నా ‘మాటు’ అనడం నాకు నచ్చుతుంది. ఫలానా ఫంక్షన్ (ప్రోగ్రాములో ఒక పని చేసే భాగం) గడప దగ్గర పొంచి ఉండి, ఎవరైనా అటు వస్తే నమోదు చేసుకోవడమే దాని పని. ‘ఈ ఫంక్షన్ దగ్గర మాటు వేశాం’ అంటే వివరణ అక్కరలేదు.

ప్రోగ్రాము కూలిపోయాక మిగిలే, ఆ క్షణపు మెమరీ నకలైన కోర్ డంప్‌ను పరిశీలించడం గురించి కూడా రాస్తే, దాన్ని ‘శవపరీక్ష’ అనండి, ‘శవపంచనామా’ అనవద్దు. పంచనామా సాక్షుల ఎదుట పైపైన చూసి రాసుకునేది, పరీక్ష లోపలికి వెళ్లేది.

ఎస్‌ట్రేస్, డీట్రేస్ పేర్లను మాత్రం అనువదించకండి. అవి మీ పాఠకుడు కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నదున్నట్టుగా టైపు చేయవలసిన మాటలు.