ఈఈఈ చదివాక పరిశోధన ఎటువైపు: కంట్రోల్ సిస్టమ్సా, తులనాత్మక సాహిత్యమా?

ప్రశ్న: మాది మడకశిర. అనంతపురంలో బీటెక్ ఈఈఈ నాలుగో ఏడాదిలోకి వచ్చాను. ఇప్పటిదాకా 79 శాతం ఉంది. కంట్రోల్ సిస్టమ్స్ నాకు ఇష్టమైన సబ్జెక్టు, ప్రాజెక్టు కూడా అందులోనే చేస్తున్నాను. మరోపక్క చిన్నప్పటి నుంచి తెలుగు, కన్నడం రెండూ చదువుతాను. ఈ రెండు భాషల పాత కావ్యాల మీద పరిశోధన చేయాలని బలంగా ఉంది. బీటెక్‌తోనే నేరుగా సాహిత్యంలో పీహెచ్‌డీకి వెళ్లొచ్చని సీనియర్ ఒకరు చెప్పారు. నిజమేనా? ‘ఇంజినీరింగ్ చదివించింది కథలు చదువుకోవడానికా’ అని నాన్న కోప్పడుతున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. ఏది ఎంచుకోమంటారు?

జవాబు: మీ సీనియర్ చెప్పింది నిజమే. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం ఉంటే పీజీ చేయకుండానే పీహెచ్‌డీకి అర్హత వస్తుంది. ఇలాంటి విద్యార్థులు, డిగ్రీ ఏ సబ్జెక్టులో చేసినా సరే, పీహెచ్‌డీ చేయాలనుకునే సబ్జెక్టులో నెట్ (పీహెచ్‌డీ ప్రవేశాలకు, ఫెలోషిప్‌కు చూసే జాతీయ అర్హత పరీక్ష) రాసుకునే వీలును 2024లో కల్పించారు. నెట్‌లో తులనాత్మక సాహిత్యం, అంటే వేర్వేరు భాషల సాహిత్యాలను పోల్చి చదవడం, విడి సబ్జెక్టుగానే ఉంది. కాబట్టి కాగితం మీద మీకు అడ్డేమీ లేదు.

అయినా నేరుగా వెళ్లొద్దనే అంటాను. సాహిత్యంలో పీహెచ్‌డీ చేసినవాళ్లలో ఎక్కువమంది చివరికి చూసేది అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టు వైపే. 2018 యూజీసీ నిబంధనల్లో ఆ పోస్టుకు సంబంధిత సబ్జెక్టు పీజీలో 55 శాతం అడుగుతారు. ఎంఏ లేకుండా ఐదేళ్లు కష్టపడి డాక్టరేట్ తెచ్చుకున్నాక, అప్లికేషన్‌లో పీజీ గడి దగ్గర ఆగిపోవాల్సి రావచ్చు. పైగా ఎంఏ రెండేళ్లలో వచ్చే చదివే అలవాటు, రాసే అలవాటు నెట్ కోచింగ్‌లో రావు. అందుకే సాహిత్యం వైపు వెళ్లేట్టయితే ముందు ఎంఏ చేయండి. తులనాత్మక సాహిత్యానికంటూ విడి పోస్టులు దేశం మొత్తం మీద తక్కువ. ఎక్కువ ఖాళీలు ఇంగ్లిష్, తెలుగు శాఖల్లోనే ఉంటాయి. మీరు చేరబోయే ఎంఏను ఆ శాఖలు ‘సంబంధిత సబ్జెక్టు’గా ఒప్పుకుంటాయో లేదో చేరకముందే కనుక్కోండి.

డబ్బు సంగతి దాచకుండా మాట్లాడుకుందాం, మీ నాన్నగారి కోపం వెనక ఉన్నది అదే. నెట్‌లో పై కటాఫ్ దాటినవాళ్లకు ఇచ్చే పరిశోధన ఫెలోషిప్, జేఆర్‌ఎఫ్, వస్తే సబ్జెక్టు ఏదైనా మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తర్వాత 42,000 రూపాయలు. ఐఐటీలో కంట్రోల్ మీద పని చేసే స్కాలర్‌కూ ఇంతే వస్తుంది. తేడా అంతా అది ఎంతమందికి దొరుకుతుందన్న దగ్గర ఉంది. ఐఐటీలో రెగ్యులర్ సీటు వస్తే ఫెలోషిప్ దాంతోపాటే వస్తుంది. సాహిత్యంలో జేఆర్‌ఎఫ్ కటాఫ్ దాటినవాళ్లకే ఆ మొత్తం. దాటకపోతే సెంట్రల్ యూనివర్సిటీల్లో నాన్ నెట్ ఫెలోషిప్ కింద నెలకు 8,000, చాలా స్టేట్ యూనివర్సిటీల్లో అదీ ఉండదు. ‘జేఆర్‌ఎఫ్ రాకపోతే పీహెచ్‌డీలో చేరను’ అని మీరు ముందే ఒక గీత గీసుకుంటే ఇంట్లో సగం గొడవ తగ్గుతుంది.

ఇక అసలు విషయానికి వద్దాం. రెండిట్లోనూ రోజూ చేసే పని ఎలా ఉంటుందో తెలియకుండా చాలామంది ఇష్టాన్ని బట్టి తేల్చేస్తారు.

మీ ఊరి పక్కనే పావగడ సోలార్ పార్కు ఉంది, 2,050 మెగావాట్లది. కంట్రోల్ పరిశోధనలో ఇవాళ బాగా నడుస్తున్న ఒక సమస్య అక్కడే కనిపిస్తుంది. థర్మల్ కేంద్రంలో టన్నుల బరువున్న రోటర్ తిరుగుతూ ఉంటుంది. లోడు ఒక్కసారిగా పెరిగితే ఆ రోటర్‌లో ఉన్న శక్తి కొన్ని క్షణాలు ఆదుకుంటుంది కాబట్టి ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్‌జ్ నుంచి నెమ్మదిగా దిగుతుంది, ఈలోపు టర్బైన్ వేగాన్ని సర్దే గవర్నర్ అందుకుంటుంది. సోలార్ ప్యానెల్‌లో తిరిగేదేమీ లేదు. ప్యానెల్ డీసీ కరెంటును ఏసీగా మార్చే ఇన్వర్టర్ ఉంది, దాని లోపల ఒక ప్రోగ్రామ్ ఉంది. గ్రిడ్‌లో రోటర్లు తగ్గి ఇన్వర్టర్లు పెరిగేకొద్దీ, గ్రిడ్‌ను నిలబెట్టే పని ఆ ప్రోగ్రామ్ మీద పడుతోంది. దాన్ని ఎలా రాస్తే వందల ఇన్వర్టర్లు ఒకదానితో ఒకటి కొట్లాడుకోకుండా కలిసి నిలబడతాయన్నది ప్రశ్న.

దీని మీద పని చేసే స్కాలర్ రోజులో ఎక్కువ భాగం గణితమే. సమీకరణాలు రాయాలి, వ్యవస్థ స్థిరంగా ఉంటుందని లియాపునోవ్ పద్ధతిలోనో మరో పద్ధతిలోనో నిరూపించాలి. రుజువు మూడో లైన్‌లో తెగిపోతే వారం పోతుంది. తర్వాత కంప్యూటర్‌లో, సిమ్యులింక్ సాఫ్ట్‌వేర్‌లో చక్కగా నడిచింది ల్యాబ్‌లో బెంచీ మీద పెట్టగానే ట్రిప్ అవుతుంది. కారణం సెన్సర్ నాయిసా, శాంప్లింగ్‌లో ఆలస్యమా, లూజు వైరా అని వెతుక్కోవాలి. బీటెక్‌లో కంట్రోల్ సిస్టమ్స్ అంటే రూట్ లోకస్, బోడే ప్లాట్ గీసి మార్కులు తెచ్చుకోవడం. పరిశోధనలో లీనియర్ ఆల్జీబ్రా, డిఫరెన్షియల్ సమీకరణాలు లేకుండా ఒక్క అడుగు పడదు. ఐఐటీ బాంబేలో సిస్టమ్స్ అండ్ కంట్రోల్‌కు ప్రత్యేకంగా విభాగమే ఉంది. ఐఐఎస్సీలో, మిగతా ఐఐటీల్లో ఎలక్ట్రికల్ శాఖలో ఈ గ్రూపులు ఉంటాయి. గేట్‌లో (ఇంజినీరింగ్ పీజీ, పీహెచ్‌డీ ప్రవేశాలకు చూసే పరీక్ష) మంచి స్కోరు, డిగ్రీలో మంచి మార్కులు ఉన్న బీటెక్ వాళ్లను నేరుగా పీహెచ్‌డీలోకి తీసుకునే దారి వీటిలో ఉంది. డిగ్రీ పూర్తయ్యాక హైదరాబాద్ రక్షణ ల్యాబుల నుంచి కార్ల కంపెనీల ఆర్ అండ్ డీ దాకా అడిగేవాళ్లుంటారు.

ఇప్పుడు రెండోది. మీ రెండు భాషలకు సరిపోయే ఉదాహరణ చెబుతాను. పాల్కురికి సోమనాథుడు బసవపురాణాన్ని తెలుగులో, రెండేసి పాదాల ద్విపదలో రాశాడు. దాని ఆధారంగా 1369లో భీమకవి కన్నడంలో బసవపురాణం రాశాడు, ఆరు పాదాల షట్పదిలో. కన్నడ దేశపు శైవ గురువు బసవన్న కథ తెలుగు కావ్యంగా వచ్చి, మళ్లీ కన్నడానికి వెళ్లింది. అక్కడ హరిహరుడు బసవన్న మీద రగళె అనే ఛందస్సులో రాసిన కావ్యం కూడా ఉంది. ఎవరి దగ్గర ఎవరు ఏం తీసుకున్నారు, ఏది వదిలేశారు, ద్విపద నుంచి షట్పదికి మారినప్పుడు కథ వేగం ఏమైంది, ఆ శతాబ్దంలో శైవుల మధ్య ఏం మారింది? ఇవన్నీ పరిశోధన ప్రశ్నలే. ‘సామ్య భేదాలు’ అని పేరు పెట్టి ఎడమవైపు ఒక కావ్యం, కుడివైపు ఒక కావ్యం నింపుకుంటూ పోయే థీసిస్‌లు మన దగ్గర కావలసినన్ని వచ్చాయి, ఇంకొకటి అక్కర్లేదు. ఒక మాట గుర్తుంచుకోండి. కన్నడ పేపరు గడగడా చదవగలగడం వేరు, నడుగన్నడ (మధ్యకాలపు కన్నడం) షట్పది అర్థం చేసుకోవడం వేరు. దానికి ఛందస్సు, పాత నిఘంటువులు, ఓపికగా నేర్పే గురువు కావాలి. దేశంలో ఈ సబ్జెక్టుకు పాత ఇల్లు జాదవ్‌పూర్ యూనివర్సిటీ. 1956లో బుద్ధదేవ్ బసు అక్కడ శాఖను మొదలుపెట్టారు. మనకు దగ్గర్లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో తులనాత్మక సాహిత్య కేంద్రం ఉంది, అక్కడి ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ ఇఫ్లూలోనూ ఈ చదువు ఉంది. చదివేది తెలుగు, కన్నడం అయినా రాసేది ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే. దానికి సిద్ధంగా ఉండాలి.

నన్ను తేల్చి చెప్పమంటే, ఈ ఫిబ్రవరిలో గేట్ ఎలక్ట్రికల్ పేపరు సీరియస్‌గా రాయండి. ఆ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. ఎంఏ రెండేళ్లే. అంటే ఎంఏ చేసి చూసి, నచ్చకపోతే అదే స్కోరుతో ఎంటెక్‌కో పీహెచ్‌డీకో ఇంజినీరింగ్ వైపు తిరిగి రావచ్చు. ఇంటర్వ్యూలో ‘రెండేళ్లు ఏం చేశావు’ అని అడుగుతారు, మ్యాట్రిక్స్‌లు మర్చిపోకుండా ఉంటే ఆ ప్రశ్నకు భయపడక్కర్లేదు. ఎంఏ కోసం సీయూఈటీ పీజీకి (సెంట్రల్ యూనివర్సిటీల పీజీ ప్రవేశ పరీక్ష) కూడా అప్లై చేయండి. ఏది వస్తుందో అప్పుడు చూద్దాం అనుకోకుండా ఈలోపే దసరా సెలవుల్లో ఒక పని చేయండి. బసవపురాణంలో బెజ్జమహాదేవి కథ ఒక్కటి తీసుకుని, సోమనాథుడి పాఠాన్నీ భీమకవి పాఠాన్నీ దగ్గర పెట్టుకుని ఎనిమిది పేజీలు రాయండి, ఇంగ్లిష్‌లో. కంట్రోల్ వైపు, సైలాబ్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, ఒక చిన్న ఇన్వర్టర్ మోడల్ కట్టి, స్థిరత్వం చేత్తో నిరూపించండి. ఈ రెండిట్లో ఏది సెలవులయ్యాక కూడా ఎవరూ అడగకుండానే మళ్లీ తెరుస్తారో అదే మీ జవాబు. మీ ఉత్తరం చదివితే నాకు సాహిత్యం వైపే మొగ్గు కనిపిస్తోంది. కంట్రోల్ గురించి ‘ఇష్టం’ అన్నారు, కావ్యాల గురించి ‘బలంగా ఉంది’ అన్నారు. అయినా ఆ ఎనిమిది పేజీలు రాశాకే నాన్నగారితో మాట్లాడండి. చేతిలో పేజీలూ పక్కన గేట్ హాల్ టికెట్టూ ఉంటే మాట వేరేగా ఉంటుంది.

ఏ దారైనా గైడ్‌ను యూనివర్సిటీ పేరు చూసి కాకుండా ఆయన లేదా ఆమె గత మూడేళ్లలో ఏం రాశారో చదివి ఎంచుకోండి. ఈమెయిల్ రాస్తే ‘మీ పరిశోధనలు అద్భుతం’ లాంటివి వద్దు. వాళ్ల పేపర్లో ఏ భాగం దగ్గర మీకు సందేహం వచ్చిందో నాలుగు లైన్లలో అడగండి చాలు. డబ్బు కడితే వారంలో జర్నల్‌లో పేపరు వేస్తామనే మెసేజ్‌లు మీకూ వస్తాయి, వెంటనే డిలీట్ చేయండి. 2022 నిబంధనల్లో థీసిస్‌కు ముందు పేపరు వేసి తీరాలన్న షరతు తీసేశారు, 2025లో యూజీసీ తన జర్నల్స్ జాబితానూ ఆపేసింది. మంచీచెడూ చూసుకునే బాధ్యత ఇప్పుడు మీది, మీ గైడ్‌ది. కంట్రోల్‌లో మంచి జర్నల్‌కు పంపితే రివ్యూ రావడానికే నెలలు పడుతుంది, అది మామూలే.

చివరగా ఒక చిన్న పని. మీరు ఓబీసీ లేదా ఈడబ్ల్యూఎస్ కిందకు వస్తే కేంద్ర ఫార్మాట్‌లో సర్టిఫికెట్ కావాలి, మన రాష్ట్ర ఫార్మాట్ ఈ కేంద్ర పరీక్షలకు, సీట్లకు పనికిరాదు. ఓబీసీ అయితే నాన్ క్రీమీలేయర్ అని అందులో ఉండాలి. సర్టిఫికెట్ ఏ తేదీది కావాలో పరీక్షను, అడ్మిషన్‌ను బట్టి మారవచ్చు కాబట్టి, నోటిఫికేషన్లలో చూసుకుని మీ గ్రామ లేదా వార్డు సచివాలయంలో ఇప్పుడే అప్లై చేయండి. చివరి వారంలో అక్కడ క్యూ చాలా ఉంటుంది.