కానిస్టేబుల్ ఉద్యోగం లోపల నిజంగా ఎట్లుంటుంది?

తమ్ముడూ, డిగ్రీ అయిపోయింది, కానిస్టేబుల్ పరీక్షకు చదువుతున్నా అని చెప్పి, లోపలి కష్టాలు దాచకుండా చెప్పమని అడిగినావు. తిరుపతిలో సివిల్ కానిస్టేబుల్‌గా చేస్తున్నా కాబట్టి నేను చూసింది చెప్తా.

దొంగలు, గొడవలు, నైట్ బీటు అన్నీ అలవాటైపోతాయి. అలవాటు కానిది శవం దగ్గర డ్యూటీ. ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చే ఊరు ఇది. బస్టాండులోనో, రైల్వే స్టేషన్ బయటో ఎవరో ఒక పెద్దాయన నిద్రలోనే పోయింటాడు. ఇట్లాంటి చావుల మీద విచారణ పాత సీఆర్‌పీసీ చట్టంలో 174వ సెక్షన్ కింద జరిగేది. చట్టం మారి 2024 జులై నుంచి అది కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్‌లో 194 అయింది గానీ, స్టేషన్లో ఇంకా '174 కేసు' అనే అంటాం. సాక్షులుగా పంచనామాకు రమ్మంటే ఎవరూ ముందుకు రారు. మార్చురీ దాకా పోయేది, పోస్టుమార్టం అయ్యేదాకా కాపలా ఉండేది కానిస్టేబులే.

ఒకసారి ఒక పెద్దామె. కొంగు ముడిలో బస్సు టికెట్టు తప్ప ఏమీ లేదు. దాని మీద ఎక్కిన ఊరి పేరు ఉంటే, అక్కడి స్టేషన్‌కు ఫోన్ చేసి ఫొటో పంపినాం. మరుసటి రోజు సాయంత్రానికి కొడుకు వచ్చినాడు. ముఖం చూసి, "అమ్మకు దర్శనం అయిందా సార్?" అని అడిగినాడు. గుండుకు పూసిన చందనం ఇంకా అట్లే ఉంది. "తలనీలాలు ఇచ్చిందన్నా" అని మాత్రం చెప్పగలిగినా. ఆ రాత్రి నాకు ముద్ద దిగలేదు. పొద్దున్నే రోల్‌కాల్. ఇట్లాంటివి మనసు విప్పి చెప్పుకునే చోటు మాకు లేదు. ఖచ్చితంగా ఉండాలి.

ఇంక నిలబడే డ్యూటీ. సెలెక్షన్‌లో 1600 మీటర్లు పరిగెత్తిస్తారు గానీ, చేరినాక పనంతా నిలబడటమే. బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ రోజు మధ్యాహ్నం జనాన్ని ఆపే తాడు పట్టుకుంటే అర్ధరాత్రి దాటినా వదలలేం. మహిళా కానిస్టేబుళ్లు బాత్రూమ్ ఉంటుందో లేదో అని నీళ్లు తాగకుండా ఉంటారు. కళ్లారా చూస్తున్నా, చాలా బాధేస్తుంది.

2025 జనవరి 8 రాత్రి వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చినవాళ్లలో ఆరుగురు తొక్కిసలాటలో చనిపోయినారు. అప్పటి నుంచి ఏ బందోబస్తుకు పోయినా, గుంపులో ముసలోళ్లు, పసిపిల్లలు ఎక్కడున్నారని నా కళ్లు ముందు వెతుకుతాయి. గేటు ఎప్పుడు తెరవాలో నిర్ణయించేది కానిస్టేబుల్ కాదు. జనం తోసుకొస్తే ఎదురుగా ఉండేది మాత్రం వాడే.

వీక్లీ ఆఫ్ సంగతి అడుగుతావేమో. 2019లో ప్రకటించినప్పుడు ఇంట్లో అందరం సంబరపడినాం. బందోబస్తు పడిందంటే మాత్రం ముందు పోయేది ఆ సెలవే. గంగజాతర మా వీధిలోనే జరుగుతుంది, నేనేమో ఇంకో వీధిలో డ్యూటీలో ఉంటా.

పరీక్ష రాయొద్దని నేను చెప్పను. తప్పిపోయిన బిడ్డను తల్లి చేతికి ఇచ్చిన రోజు కలిగే తృప్తి నాకు ఇంకే పనిలోనూ దొరకదు. కానీ చేరేముందు మీ ఊళ్లో ఎవరైనా కానిస్టేబుల్ ఉంటే ఆయన్ని ఒక్కడినే అడగొద్దు, వాళ్లింట్లో వదినను కూడా అడుగు. నెల ఖర్చు, పిల్లల బడి, రాత్రిళ్లు ఒంటరిగా ఉండటం, అన్నీ ఆమెకే బాగా తెలుసు. రేపు నీకు సంబంధం చూసేటప్పుడు కూడా, పండగలకు ఇంట్లో ఉండనని ఆ అమ్మాయికి ముందే చెప్పు.