అమ్మడూ, ముందు బస్సు ఛార్జీలు రాయి

అమ్మడూ,

నువ్వు పంపిన రీసెర్చ్ గ్రాంటు ప్రపోజల్ రెండుసార్లు చదివాను. మొదటిసారి మొత్తం చదివితే బాగుందనిపించింది, చదువుకున్న పిల్ల రాసినట్టే ఉంది. రెండోసారి బడ్జెట్ పేజీ ఒక్కటే తీసి చదివాను, అక్కడే ఆగిపోయాను. 50 దాటిన హెచ్‌ఐవీ పేషెంట్ల ఎముకలు, గుండె, మతిమరుపు, పల్లెకీ పట్నానికీ వైద్యంలో ఉన్న తేడా, ఇవన్నీ చూస్తానని ఇరవై పేజీలు రాశావు. డబ్బు మాత్రం ఒక మెషీనుకి, రెండు ల్యాప్‌టాప్‌లకి, ఒక కాన్ఫరెన్సుకి అడిగావు. ఆ పల్లె మనిషి నీ దగ్గరికి ఎలా వస్తుందో ఒక్క రూపాయి కూడా రాయలేదు.

కోప్పడటం లేదు తల్లీ. నా మొదటి ప్రపోజల్ కూడా ఇలాగే ఉండేది. ఎముకల గట్టిదనం కొలిచే డెక్సా మెషీను కావాలని అడిగాను, ఫోటోలతో సహా పెట్టాను. తిప్పి పంపారు. మెషీను సరే, పేషెంట్లు దాని దగ్గరికి వస్తారని నమ్మకం ఏమిటని అడిగారు. వారం రోజులు బాధపడి, తర్వాత ఒప్పుకున్నాను, వాళ్ళు అడిగింది న్యాయమే.

ఈ విషయం నాకెందుకింత పట్టిందో నీకు తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. 2004 ఏప్రిల్ 1న మన దేశంలో హెచ్‌ఐవీని అదుపులో పెట్టే మందులు, అదే ఏఆర్‌టీ, ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు, జబ్బు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ముందు ఇచ్చారు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి. అంతకుముందు మా వార్డులో ముప్పై ఏళ్ళ వాళ్ళు చనిపోతుంటే చూస్తూ నిలబడ్డాం. మందులొచ్చాక లేచి నడిచి ఇంటికెళ్ళారు. అప్పటి మందుల్లో స్టావుడిన్ ఉండేది, అది ప్రాణం నిలబెట్టింది కానీ బుగ్గలు లోపలికి పోయేవి, కాళ్ళకి మంటలు, తిమ్మిర్లు వచ్చేవి. తర్వాత ఆ మందు తీసేసినా కొందరికి తిమ్మిర్లు పోలేదు. ఆ కాళ్ళతోనే వాళ్ళిప్పుడు అరవైకి దగ్గరవుతున్నారు. దేశం మొత్తం మీద దాదాపు 25 లక్షల మంది హెచ్‌ఐవీతో బతుకుతుంటే, మహారాష్ట్ర తర్వాత ఎక్కువమంది మన ఆంధ్రప్రదేశ్‌లోనే ఉన్నారు. మనం బతికించుకున్నవాళ్ళే ముసలివాళ్ళవుతున్నారు, వాళ్ళ ముసలితనం గురించి మన దగ్గర ఉన్న సమాచారం చాలా తక్కువ.

నేను రిటైరయ్యే ముందు ఏడాది ఒకామె మా ఏఆర్‌టీ సెంటర్ బెంచీ మీద కూర్చుని ఉంది. 58 ఏళ్ళు. భర్త ఎప్పుడో పోయాడు. మిర్చి సీజన్‌లో తొడిమలు తీసే పనికి వెళ్తుంది. సంచిలోంచి ఒక పసుపు డబ్బా తీసింది, మూత తీస్తే పైన దూది, దూది కింద మందు బిళ్ళలు. సీసాలో ఉంటే గలగలమని చప్పుడవుతుంది, కోడలు అడుగుతుందని అలా మార్చుకుంది. సీసా మీద కాగితం చింపి బస్టాండులో పారేసి వెళ్తుందట. అదే సంచిలో ఇంకో కవరు, అందులో షుగర్ మాత్రలు, కాల్షియం మాత్రలు. అవి వాళ్ళ ఊరి దగ్గర పీహెచ్‌సీలో ఇచ్చినవి. ఈ మందుల సంగతి అక్కడ చెప్పావా అని అడిగితే తల అడ్డంగా ఊపింది. ఆ షుగర్ మాత్రల సంగతి మా సెంటర్‌లోనూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఇప్పుడు అందరికీ ఇస్తున్న హెచ్‌ఐవీ మందు డోలుటెగ్రావిర్‌తో షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ వాడితే ఆ మెట్‌ఫార్మిన్ రక్తంలో ఎక్కువవుతుంది, అందుకే రోజుకి 1000 మిల్లీగ్రాములు దాటించవద్దంటారు. కాల్షియం, ఐరన్ మాత్రలు ఖాళీ కడుపున దాంతో కలిపి మింగితే డోలుటెగ్రావిరే ఒంటికి సరిగ్గా పట్టదు. మధ్యలో గంటల ఎడం ఇవ్వాలి, లేదా అన్నం తిన్నాక కలిపి వేసుకోవాలి. ఇది నీకు తెలుసు, నాకు తెలుసు. ఆమెకి ఎవరు చెప్తారు? పీహెచ్‌సీ డాక్టరుకి హెచ్‌ఐవీ సంగతి తెలియదు, ఏఆర్‌టీ డాక్టరుకి షుగర్ సంగతి తెలియదు, రెండూ తెలిసిన మనిషి ఆమె ఒక్కతే, ఆమె నోరు విప్పలేదు.

నీ ప్రశ్న అక్కడ ఉంది అమ్మడూ. ఎముకలూ, గుండే, మెదడూ అన్నీ ఒకే గ్రాంటులో పెట్టకు. 50 దాటిన ఏఆర్‌టీ పేషెంట్లలో ఎంతమంది బయట ఇంకో చోట బీపీ, షుగర్ మందులు తీసుకుంటూ రెండు చోట్లా దాచుతున్నారు, దాని వల్ల వాళ్ళ షుగర్, వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో ఆ లెక్క) ఏమవుతున్నాయి? ఇది రెండేళ్ళలో నువ్వు చేయగల పని. దీనికి పెద్ద మెషీను అక్కర్లేదు, కూర్చుని మాట్లాడే ఓపికున్న మనిషి కావాలి.

పెద్ద డబ్బుతో చేసినవి కూడా సూటి ప్రశ్నతోనే గెలిచాయి. రిప్రీవ్ ట్రయల్ చూడు. గుండెజబ్బు ముప్పు మరీ ఎక్కువ లేని, 40 నుంచి 75 ఏళ్ళ మధ్య హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళకి రోజూ ఒక పిటావాస్టాటిన్ మాత్ర ఇస్తే గుండెపోట్లు, పక్షవాతాలు తగ్గుతాయా అని అడిగారు, అంతే. మన దేశంతో కలిపి 12 దేశాలు, 7,769 మంది. పెద్ద గుండె ప్రమాదాలు 35 శాతం తగ్గాయని 2023లో తేలింది, ముందుగానే ఆపి ఫలితం చెప్పేశారు. దానికి డబ్బిచ్చింది అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్. ప్రపోజల్‌లో ఎవరైనా ఒక్క వాక్యంలో చెప్పగలిగేంత సూటిగా ఉంది ఆ ప్రశ్న. నీది ఇప్పుడు నాలుగు వాక్యాలుంది, అందులో రెండుసార్లు 'సమగ్ర' అని ఉంది.

పోల్చడానికి ఎవరిని తీసుకుంటావో కూడా రాయలేదు. ఇది పెద్ద లోటు, కమిటీలో కూర్చున్నవాళ్ళు మొట్టమొదట పట్టుకునేది ఇదే. నీ పేషెంటుకి మోకాళ్ళ నొప్పులు, నీరసం, మతిమరుపు ఉన్నాయనుకో, అది హెచ్‌ఐవీ వల్లా, మందుల వల్లా, ముప్పై ఏళ్ళు ఎండలో కూలి చేయడం వల్లా? అదే ఊళ్ళో, అదే పని చేసే, అదే వయసున్న, హెచ్‌ఐవీ లేని ఆడవాళ్ళు లేకపోతే నువ్వు ఎన్ని లెక్కలు వేసినా జవాబు రాదు. సిటీలో చెకప్‌కి వచ్చిన ఉద్యోగస్తులతో పోల్చి చూపించావంటే మాత్రం పేదరికాన్ని కొలిచి వైరస్ అని పేరు పెట్టినట్టే.

ఇక అసమానత. ఈ మాట నీ ప్రపోజల్‌లో పదిహేడుసార్లుంది, లెక్కపెట్టాను. సెంటర్‌కి నెలనెలా వచ్చేవాళ్ళని పల్లె, పట్నం అని రెండు గడులుగా విడగొడితే అసమానత తెలిసిపోదు. వచ్చేవాళ్ళంతా ఎలాగోలా రాగలిగినవాళ్ళు. రాలేక మానేసినవాళ్ళు రిజిస్టర్‌లో 'లాస్ట్ టు ఫాలో అప్' అనే మాట కింద ఉన్నారు. కళ్ళు కనపడక బస్సు నంబరు చదవలేనివాళ్ళు, తోడు రావాలంటే ఎందుకో చెప్పాల్సి వస్తుందని ఆగిపోయినవాళ్ళు, తుంటి విరిగి మంచం మీదున్నవాళ్ళు. నీ అధ్యయనం వాళ్ళ గడప దాకా వెళ్ళకపోతే ఆ మాట తీసెయ్, తీసేసినా పరవాలేదు, వేరే మంచి ప్రపోజల్ అవుతుంది. ఉంచుతావా, దానికి తగ్గ డబ్బు అడుగు.

అందుకే బడ్జెట్ మళ్ళీ మొదటి నుంచి రాయమంటున్నాను. మొదటి లైను పేషెంటు రానుపోను ఛార్జీ, తోడు వచ్చిన మనిషిది కూడా. రెండోది ఆ రోజు పోయిన కూలి. దాన్ని ప్రలోభం అంటారేమో అని భయపడకు, ప్రయాణ ఖర్చు, పోయిన కూలి ఇవ్వొచ్చని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 నైతిక మార్గదర్శకాల్లోనే ఉంది, ఎంతిస్తున్నావో ఎథిక్స్ కమిటీకి చెప్పి ఇవ్వాలి. మూడోది భోజనం, షుగర్ టెస్టుకి పరగడుపున వచ్చిన మనిషిని మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టకూడదు కదా. నాలుగోది ఫీల్డ్ వర్కర్ జీతం, అదీ నిజంగా బతకగలిగే జీతం. హెచ్‌ఐవీతో బతుకుతున్న మనిషినే ఆ పనికి పెట్టుకోగలిగితే ఇంకా మంచిది, గడపలో వాళ్ళ మాటకి ఉండే విలువ నీ మాటకీ నా మాటకీ ఉండదు. ల్యాప్‌టాప్ ఒకటి చాలు.

ఎవరిని అడగాలన్నది నువ్వు అడిగిన అసలు ప్రశ్న. ఐసీఎంఆర్ ఉంది, వాళ్ళ ఆన్‌లైన్ దరఖాస్తుల ఈపీఎంఎస్ పోర్టల్‌లో పెడతావు, పిలుపు వచ్చినప్పుడు గడువు చివరిరోజు రాత్రి దాకా ఆగకు, ఆ రోజు పోర్టల్ కదలదు. 2008 నుంచి నడుస్తున్న ఇండియా అలయన్స్ ఫెలోషిప్‌లు ఉన్నాయి, అవి ప్రాజెక్టు కంటే మనిషిని చూసి ఇస్తారు, నీ వయసులో వాటికి ప్రయత్నించాలి. ఒక ఇబ్బంది ముందే చెప్తాను. హెచ్‌ఐవీ వాళ్ళ దగ్గరికి వెళ్తే ఇది వృద్ధుల విషయం కదా అంటారు, వృద్ధుల ఆరోగ్యం వాళ్ళ దగ్గరికి వెళ్తే ఇది జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ 'నాకో' వాళ్ళ విషయం కదా అంటారు. రెంటికీ చెడ్డ రేవడి అయిపోకుండా, ఏ పిలుపుకి పంపుతున్నావో చూసుకుని మొదటి పేజీ వాళ్ళ భాషలో రాయి. మన వృద్ధుల పథకాలు 60 దగ్గర మొదలవుతాయి, హెచ్‌ఐవీలో 50నే హద్దుగా పెట్టుకుంటారు. ఆ పదేళ్ళు ఎందుకు ముందుకు జరిపావో ఒక పేరా రాయకపోతే తప్పు పడతారు.

అమెరికాలో ఉన్న ఆ ప్రొఫెసర్ గారు కలిసి చేద్దామన్నారని సంతోషంగా రాశావు. మంచిదే. అక్కడ వృద్ధాప్యం మీద పనిచేసే ఎన్‌ఐఏ సంస్థే హెచ్‌ఐవీ పరిశోధనకీ డబ్బిస్తూ వచ్చింది, అక్కడ హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళలో సగానికి పైగా 50 దాటినవాళ్ళే మరి. కానీ 2025లో ఏం జరిగిందో గుర్తుపెట్టుకో. నడుస్తున్న గ్రాంట్లనే మధ్యలో ఆపేశారు, హెచ్‌ఐవీ మీద, ఆరోగ్య అసమానతల మీద ఉన్నవి అందులో చాలా ఉన్నాయి. మే నెలలో విదేశీ సంస్థలకి పాత పద్ధతిలో సబ్‌అవార్డులు, అంటే అక్కడి గ్రాంటులోంచి బయటి సంస్థకి ఇచ్చే వాటా, ఇవ్వబోమని ఎన్‌ఐహెచ్ ప్రకటించింది. మనలాంటి చోట్లకి అప్పటిదాకా డబ్బు వచ్చే దారి ఎక్కువగా అదే. అందుకని ఆయనతో మాట్లాడేటప్పుడు మొహమాటపడకుండా అడుగు: నా పేరు ఎక్కడ ఉంటుంది, డేటా ఎవరి దగ్గర ఉంటుంది, రేపు డబ్బు ఆగితే ఇక్కడ చేర్చుకున్న పేషెంట్ల రక్తపరీక్షలు ఎవరు చేయిస్తారు? విదేశీ సహకారం ఉంటే ఆరోగ్యశాఖ స్క్రీనింగ్ కమిటీ అనుమతి కూడా కావాలి, దానికి పట్టే నెలలు నీ టైమ్‌లైన్‌లో లేవు. ఆయన దగ్గర ఒక్కటి మాత్రం తప్పకుండా నేర్చుకో, 'స్పెసిఫిక్ ఎయిమ్స్' అని, ఏం తేల్చబోతున్నామో సూటిగా చెప్తూ వాళ్ళు రాసే ఒక్క పేజీ. ఎవరికి పంపినా ముందు ఆ పేజీ రాసుకోవడం అలవాటు చేసుకో.

ఇప్పుడు చెప్పబోయేది ఎవరికీ చెప్పలేదు, మీ అమ్మకి కూడా. నాకొచ్చిన ఒక గ్రాంటులో కొంత మిగిలితే, ఫీల్డ్ వర్కర్లకి గుడ్డసంచులు కుట్టించాం, మీద ప్రాజెక్టు పేరు అచ్చువేయించాం. పేరులో ఎయిడ్స్ అన్న మాట ఉంది. ఆ సంచి భుజాన వేసుకుని ఒకమ్మాయి ఒక ఊళ్ళో మూడిళ్ళకి వెళ్ళింది. సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయింది. ఆ మూడిళ్ళలో ఒకాయన టీకొట్టు నడిపేవాడు, నెల తిరక్కుండా మూసేసి కుటుంబంతో వెళ్ళిపోయాడు. ఎక్కడికి వెళ్ళాడో ఎంత వెతికినా తెలియలేదు, మందులు వాడుతున్నాడో లేదో తెలియదు. సంచుల ఆర్డరు మీద సంతకం నాది. అప్పటికి హెచ్‌ఐవీ చట్టం లేదు, 2017లో చేసి 2018 సెప్టెంబర్ నుంచి అమల్లోకి తెచ్చారు, ఇప్పుడు గోప్యత చట్టం ప్రకారమే తప్పనిసరి. చట్టం లేకపోయినా నేను ఆలోచించాల్సింది. నీ ప్రాజెక్టుకి బయట వాడే పేరు వేరేగా పెట్టు, 'పెద్దల ఆరోగ్యం' లాంటిది. సంచి మీద, ఫోన్ మెసేజ్‌లో, బస్సు ఛార్జీ రసీదు మీద కూడా ఆ పేరే ఉండాలి. ఆ రసీదు ఇంట్లో జేబులో దొరుకుతుంది, అది మర్చిపోకు.

పర్మిషన్ల సంగతి త్వరగా చెప్తాను. ఏఆర్‌టీ సెంటర్‌లో పేషెంట్ల వైద్య వివరాలు రాసే వైట్ కార్డుల్లోని సమాచారం కావాలంటే రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (శాక్స్) ద్వారా 'నాకో' అనుమతి, కాలేజీ ఎథిక్స్ కమిటీ, రెండూ డబ్బు రాకముందే మొదలుపెట్టు. రెండో విడత డబ్బు ఎప్పుడూ ఆలస్యమే. ఒకసారి ఐదు నెలలు రాలేదు, నాతో పనిచేసిన పిల్లలు జీతం లేకుండా తిరిగారు, ఇద్దరు మానేశారు, వాళ్ళతో పాటు పేషెంట్ల నమ్మకమూ పోయింది. వచ్చిన డబ్బు ఎలా ఖర్చయిందో చూపే యుటిలైజేషన్ సర్టిఫికెట్ కోసం అకౌంట్స్ సెక్షన్‌కి మార్చిలో పరిగెత్తకు, జనవరిలోనే వెళ్ళి కూర్చో. మొదటి విడత వచ్చిన రోజే కాలేజీతో మాట్లాడి, విడత ఆలస్యమైతే జీతాలు సర్దే ఏర్పాటు కాగితం మీద రాయించుకో.

నిద్రపోకుండా రాస్తున్నావని మీ అమ్మ టెన్షన్ పడుతోంది. గడువుకి ఇంకా ఆరు వారాలుంది. ఈ వారం ఏమీ రాయకు. రెండు రోజులు సెలవు పెట్టి ఉదయం ఎనిమిదికల్లా సెంటర్‌కి వెళ్ళు, తెల్లకోటు వేసుకోకు, బెంచీ మీద వాళ్ళ పక్కన కూర్చో. కౌన్సిలర్‌కి ముందే చెప్పు, ఇష్టపడినవాళ్ళతోనే మాట్లాడు. ఏ ఊరు, ఎన్ని బస్సులు మారారు, ఎంతైంది, ఇంట్లో ఏమని చెప్పి వచ్చారు, ఇంకెక్కడ మందులు తీసుకుంటున్నారు, ఇవే అడుగు. పేర్లు రాసుకోకు. తర్వాత ఆ 'స్పెసిఫిక్ ఎయిమ్స్' పేజీ, బడ్జెట్ పేజీ, ఈ రెండే నాకు పంపు, మిగతా ఇరవై తర్వాత చూద్దాం.

పెద్దమ్మ