చిన్న ఫిషింగ్ బోటు స్టీరింగ్: కేబుల్ మార్చాలా, హైడ్రాలిక్‌కి వెళ్లాలా?

మీరు అడిగింది ఇది: పదహారు అడుగుల ఫైబర్ బోటు, 60 హార్స్‌పవర్ ఔట్‌బోర్డ్ (బోటు వెనక బయట తగిలించే ఇంజిన్), పాత కేబుల్ స్టీరింగ్. వీల్ బాగా బిగుసుకుపోయింది, చెయ్యి వదిలితే బోటు ఓ పక్కకి లాగుతోంది. నూనె ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ పెట్టించాలా, కేబుల్ మారిస్తే సరిపోతుందా, సొంతంగా చేసుకోగలనా అని. నా బోటు కూడా దాదాపు ఇదే సైజు. మొదట కేబుల్, హెల్మ్ (వీల్ వెనక ఉండి దాని తిప్పుడును కేబుల్‌కి అందించే భాగం) రెండూ మార్చాను. తర్వాత 90 హార్స్‌పవర్ ఇంజిన్ పెట్టినప్పుడు హైడ్రాలిక్‌కి వెళ్లాను. రెండు పనులూ నా చేత్తోనే చేసుకున్నాను కాబట్టి తెలిసినంత చెబుతాను.

ముందుగా ఒక మాట. వీల్ బిగుసుకుపోవడం వేరు, పక్కకి లాగడం వేరు. వాటిని కలిపి చూస్తే అక్కర్లేని సామాను కొంటారు.

పక్కకి లాగడానికి ఎక్కువసార్లు కారణం ప్రొపెల్లర్ తిరుగుడే. ఇంజిన్ కింది భాగంలో, ప్రొపెల్లర్‌కి సరిగ్గా పైన ఉండే అడ్డ పలక అడుగున, చాలా ఇంజిన్లకు ఒక చిన్న రెక్క ఉంటుంది. దాన్ని ట్రిమ్ ట్యాబ్ అంటారు. బోటు కుడికి లాగుతుంటే రెక్క వెనక అంచును కొంచెం కుడికి తిప్పాలి, ఎడమకి లాగుతుంటే ఎడమకి. బోల్టు వదులు చేసి, కొద్దిగా జరిపి, బిగించి, నీళ్లలో నడిపి చూడాలి. ఒకేసారి ఎక్కువ తిప్పొద్దు. చాలా ఇంజిన్లలో ఈ రెక్కే తుప్పును తన మీదకి తీసుకునే యానోడ్ కూడా, అందుకే దానికి పెయింట్ వెయ్యకూడదు. అది సగం తినేసి ఉంటే కొత్తది వెయ్యండి. ఇంజిన్ ట్రిమ్, అంటే ఇంజిన్ వాలి ఉండే కోణం, మరీ లోపలికి గానీ, మరీ పైకి గానీ పెట్టి నడిపినా లాగుడు ఎక్కువవుతుంది. మీరు ఏ ట్రిమ్‌లో నడిపినప్పుడు లాగుతోందో గమనించి చూడండి, పైసా ఖర్చు లేకుండా సగం సమస్య తీరొచ్చు.

ఇక బిగుసుకుపోవడం. దీనికి ఏ సామానూ ఆర్డర్ పెట్టకముందే చేయాల్సిన పరీక్ష ఒకటుంది. బోటు ఒడ్డున పెట్టి, ఇంజిన్ ఆపి, తాళం చెవి తీసేయండి. కేబుల్ చివర్ని ఇంజిన్ స్టీరింగ్ చేతికి కలిపే లింక్ రాడ్ ఉంటుంది కదా, దాన్ని విప్పండి. ఇప్పుడు ఇంజిన్‌ని చేత్తో అటూ ఇటూ తిప్పండి. తర్వాత వెళ్లి వీల్ ఒక్కదాన్నే తిప్పండి. ఇంజిన్ కదలకుండా మొరాయిస్తే తప్పు స్టీరింగ్‌ది కాదు, ఇంజిన్ తిరిగే ఇరుసులో గ్రీజు ఎండిపోయింది. అక్కడ గ్రీజు ఎక్కించే చిన్న మూతులు, అంటే గ్రీజు నిపుల్స్, ఉంటాయి, పాత గ్రీజు బయటికి వచ్చేదాకా కొత్త మెరైన్ గ్రీజు కొట్టండి. టిల్లర్ (ఇంజిన్‌కే ఉండే, చేత్తో పట్టి తిప్పే పిడి) నుంచి వీల్‌కి మార్చిన ఇంజిన్ అయితే స్టీరింగ్ ఫ్రిక్షన్ బిగించే స్క్రూనో, లివరో ఉందేమో చూడండి. చేత్తో పట్టి నడిపేటప్పుడు ఇంజిన్ ఊగకుండా అది బిగించి ఉంచుతారు. వీల్ పెట్టాక దాన్ని పూర్తిగా వదులు చేయాలి. ఈ స్క్రూ సంగతి తెలియక కొత్త కేబుల్ వేయించుకున్నవాళ్లను చూశాను.

ఇంజిన్ తేలిగ్గా తిరిగి, వీల్ మాత్రమే బరువుగా ఉంటే జబ్బు కేబుల్‌లోనో, టిల్ట్ ట్యూబ్‌లోనో, హెల్మ్‌లోనో ఉన్నట్టు. నా విషయంలో అది టిల్ట్ ట్యూబ్. ఇంజిన్ పైకి లేచే ఇరుసే ఈ గొట్టం. కేబుల్ చివర ఉండే స్టీలు కడ్డీ, అంటే రామ్, దీనిలోంచే అటూ ఇటూ జారుతుంది. నాది చూస్తే గొట్టం మూతి దగ్గర రామ్ చుట్టూ తెల్లటి పొడి పేరుకుని ఉంది. లోపల పాత గ్రీజు, ఉప్పు, తుప్పు కలిసి మైనంలా గట్టిపడ్డాయి. కేబుల్‌ని బిగించే పెద్ద నట్టు విప్పి, తుప్పు వదిలించే నూనె పోసి రాత్రంతా నానబెట్టాను. మర్నాడు రామ్ చివర ఇత్తడి కడ్డీ ఆనించి మెల్లగా కొడితే వేలెడు వేలెడు చొప్పున కదిలింది. వేడి చేస్తే తొందరగా వస్తుందని కొందరు చెబుతారు. పక్కనే పెట్రోల్ లైను ఉంటుంది, మంట జోలికి పోవద్దు. రామ్ బయటికొచ్చాక సన్నటి సీసా బ్రష్‌తో గొట్టం లోపల లోహం మెరిసేదాకా తోమాను. గుడ్డ చుట్టిన కర్ర ఈ చివర పెడితే ఆ చివర ఎక్కడా పట్టకుండా జారాలి, అప్పుడే శుభ్రమైనట్టు.

ఈ గొట్టాన్ని తీరిగ్గా తోమమని చెప్పడానికి ఇంకో కారణం ఉంది. రేపు హైడ్రాలిక్ పెట్టినా, ఇంజిన్ ముందు బిగించే సిలిండర్‌ని మోసే కడ్డీ కూడా ఇదే గొట్టంలోంచి వెళ్తుంది. ఏ దారిన వెళ్లినా ఈ పని తప్పదు.

గొట్టం మీద గ్రీజు నిపుల్ ఉంటే, రామ్ పూర్తిగా లోపలికి వెళ్లి ఉన్నప్పుడే గ్రీజు కొట్టాలి. రామ్ బయటికి చాచి ఉండగా కొడితే లోపలి ఖాళీ అంతా గ్రీజుతో నిండిపోతుంది. తర్వాత రామ్ వెనక్కి రావడానికి చోటుండక స్టీరింగ్ లాక్ అయిపోతుంది. ఇంజిన్ మాన్యువల్స్‌లో హెచ్చరికగా రాసే విషయమే ఇది, ఎవరూ చదవరు.

కేబుల్ పైతొడుగు ఎక్కడైనా ఉబ్బినా, పగిలినా, లోపలి తీగ తుప్పు పట్టినట్టే. అలాంటి కేబుల్‌లో నూనె పోసి బతికించే ప్రయత్నాలు రెండు ట్రిప్పుల ముచ్చట. మార్చేయాల్సిందే. మార్చేటప్పుడు హెల్మ్‌తో కలిపి సెట్టుగా కొనండి, ఎందుకంటే ఒక రకం హెల్మ్‌కి ఇంకో రకం కేబుల్ కూర్చోదు. పొడవు కోసం పాత కేబుల్ తొడుగు మీద అచ్చు చూడండి. టెలిఫ్లెక్స్ వాళ్ల కేబుల్స్‌లో నంబరు చివరి రెండు అంకెలే అడుగులు: 6214 అని ఉంటే పద్నాలుగు అడుగులు. అదే కంపెనీ తర్వాత సీస్టార్ సొల్యూషన్స్ అయింది, 2017లో డొమెటిక్ కొనేసింది. అందుకే ఒకే సామాను మీద మూడు పేర్లు కనిపిస్తుంటాయి, కంగారు పడకండి. అచ్చు చెరిగిపోతే కేబుల్ వెళ్లే దారంతా టేపుతో కొలిచి, వచ్చినదాన్ని పై అడుగుకి పెంచండి. కాస్త పొడవైతే నష్టం లేదు, పొట్టిదైతే పనికిరాదు. వంపుల్ని విశాలంగా తిప్పండి. వంపు వ్యాసార్ధం ఎనిమిది అంగుళాలకు తగ్గితే కొత్త కేబుల్ కూడా బరువుగానే తిరుగుతుంది.

హెల్మ్ కొనేటప్పుడు మామూలుది కాకుండా నో ఫీడ్‌బ్యాక్ రకం తీసుకోమంటాను. ఇందులో ఒక క్లచ్ ఉంటుంది. మీరు వీల్ తిప్పితే ఇంజిన్ తిరుగుతుంది గానీ, ఇంజిన్ వైపు నుంచి వచ్చే తోపుడు వీల్ దాకా రాకుండా అది పట్టేస్తుంది. చెయ్యి వదిలినా వీల్ ఉన్నచోటే ఉంటుంది. ఒంటరిగా చేపలు పట్టేవాడికి ఇదెంత సుఖమో మాటల్లో చెప్పలేను. గాలం లాగుతున్నప్పుడు మోకాలితో వీల్ అదిమిపట్టే బాధ ఉండదు. కానీ దీని మీద ఒక అపోహ ఉంది. నో ఫీడ్‌బ్యాక్ పెడితే వీల్ తేలికైపోతుందని అమ్మేవాళ్లు చెబుతారు. అది పట్టి ఉంచే శ్రమను తీసేస్తుంది, తిప్పే శ్రమను తీసెయ్యదు. ప్రొపెల్లర్ లాగే దిశకి ఎదురు తిప్పితే బరువు అలాగే తెలుస్తుంది. అందుకే ట్రిమ్ ట్యాబ్ ముందు సరిచేయమన్నాను.

పాత వీల్ ఊడదీయడం మాత్రం కొంచెం విసిగిస్తుంది. హెల్మ్ షాఫ్టు చివర కోసుగా ఉంటుంది, వీల్ దానికి కరుచుకుపోయి ఉంటుంది. నట్టు పూర్తిగా తీసేయకండి, కొన్ని మరలు వదులు చేసి షాఫ్టు చివర మీదే ఉంచండి. వీల్‌ని షాఫ్టు నుంచి లాగే పనిముట్టు, పుల్లర్, ఉంటే మేలు. లేదంటే ఒకరు వీల్‌ని వెనక నుంచి తమ వైపు లాగుతుంటే, ఇంకొకరు నట్టు మీద చెక్కముక్క పెట్టి తట్టాలి. నట్టు అక్కడ ఉండటం వల్లే వీల్ ఒక్కసారిగా ఊడొచ్చి మూతికి తగలదు. షాఫ్టు గాడిలో చిన్న అర్ధచంద్రం ముక్క, అదే కీ, ఉంటుంది. అది జారి అడుగున పడిందంటే వెతుక్కోవాలి, ముందే కింద గుడ్డ పరచండి. షాఫ్టు మందం ఎక్కువగా ముప్పావు అంగుళమే కాబట్టి మీ పాత వీల్ కొత్త హెల్మ్‌కి పట్టే అవకాశం ఎక్కువ.

ఇప్పుడు హైడ్రాలిక్. వీల్ వెనక ఉండేది ఒక చేతి పంపు, అక్కణ్నుంచి రెండు హోసులు, ఇంజిన్ దగ్గర ఒక సిలిండర్. అంతే. బాగా బిగిస్తే ఒక వేలితో తిరుగుతుంది, చెయ్యి వదిలితే కదలదు. రేపు ఆటోపైలట్ పెట్టాలనుకుంటే దాని పంపును ఈ హోసుల్లోనే కలపొచ్చు. 150 హార్స్‌పవర్ వరకూ బేస్టార్ లాంటి చిన్న కిట్లు ఉన్నాయి, మీ బోటుకి అంతకంటే పెద్దది అనవసరం.

అయితే కేబుల్‌తో పోలిస్తే వీల్‌ని ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పడానికి ఎక్కువ చుట్లు పడతాయి. ఇరుకు చోట్ల గబగబా తిప్పే అలవాటున్నవాళ్లకి మొదట్లో చిరాకు వేస్తుంది. ఇంకోటి, ఇంజిన్ నిటారుగా ఉన్నప్పుడు వీల్ ఎప్పుడూ ఒకేచోట ఉండదు, మెల్లగా జరుగుతుంటుంది. వీల్ మీద టేపు ముక్క అంటించి తిన్నగా ఉందో లేదో చూసుకునే అలవాటుంటే దాన్ని మర్చిపోవాలి.

కొనకముందే మీ బోటు వెనక భాగం కొలవండి. ఇంజిన్ ముందు వైపు బిగించే సిలిండర్ ఇంజిన్‌తో పాటే కదులుతుంది. ఇంజిన్‌ని పూర్తిగా పైకి లేపి, ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పితే సిలిండర్ గానీ, హోసు మూలలు గానీ ఇంజిన్ ముందున్న గుంత గోడకి తగలొచ్చు. చిన్న బోట్లలో ఈ గుంత ఇరుగ్గా ఉంటుంది. చోటు చాలకపోతే పక్కన బిగించే సిలిండర్ చూసుకోవాలి. హోసులు కూడా ఇంజిన్ పూర్తిగా లేచి తిరిగినప్పుడు ఎక్కడా లాక్కోకుండా వదులుగా ఉండాలి. వలలు, గాలం తాళ్లు వెనక నుంచి వేసేవాళ్లయితే వాటికి చిక్కుకోకుండా హోసుల్ని కట్టి పెట్టండి.

బిగించడం కంటే గాలి తీయడమే అసలు పని. హెల్మ్ మీద నూనె సీసా బోర్లించి, వీల్ ఒకే వైపు నెమ్మదిగా తిప్పుతూ, సిలిండర్ చివర నిపుల్ తెరిచి, దానికి పారదర్శక గొట్టం తొడిగి ఖాళీ సీసాలో పెట్టాలి. ఇద్దరుంటే సులువు. గొట్టంలో ముందు తుంపరగా, తర్వాత నురగలా, చివరికి బుడగ లేకుండా ఒకే ధారగా వస్తుంది. అప్పుడు నిపుల్ మూసి రెండో వైపు ఇదే పని. తొందరపడి సగంలో వదిలేస్తే వీల్ స్పాంజి నొక్కినట్టు మెత్తగా ఉంటుంది, ఇంజిన్ ఒక క్షణం ఆగి కుదుపుతో తిరుగుతుంది. హోసులు బిగించే మరలకి టెఫ్లాన్ టేపు చుట్టకండి, తునకలు ఊడి వాల్వుల్లో ఇరుక్కుంటాయి. కిట్ వాళ్లు చెప్పిన ద్రవ సీలెంటే వాడండి. నీళ్ల మీద నూనె అయిపోతే ఇంటికి రావడానికి ఆటోమేటిక్ గేరు నూనె, అంటే ఏటీఎఫ్, తాత్కాలికంగా పోయొచ్చు. బ్రేక్ ఫ్లూయిడ్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు, సీళ్లు పాడవుతాయి.

ఇక మీకు ఏది మంచిది అంటారా? 60 హార్స్‌పవర్‌తో, టిల్ట్ ట్యూబ్ శుభ్రం చేసి, నో ఫీడ్‌బ్యాక్ హెల్మ్, కొత్త కేబుల్ వేసుకుంటే చాలు. నేను 90కి వెళ్లకపోయి ఉంటే దానితోనే ఉండేవాణ్ని. పెద్ద ఇంజిన్ పెట్టే ఆలోచన ఉన్నా, ఆటోపైలట్ కావాలన్నా, మణికట్టు లేదా భుజం నొప్పి ఉన్నా నేరుగా హైడ్రాలిక్‌కి వెళ్లండి, మధ్యలో కేబుల్‌కి ఖర్చు పెట్టడం దండగ. గాలం వెనక లాగుతూ నెమ్మదిగా ట్రోలింగ్ చేసేటప్పుడు బోటు అటూ ఇటూ తిరుగుతుందనే కారణంతో మాత్రం కొనకండి. తక్కువ స్పీడులో అడుగు V ఆకారంలో ఉండే చిన్న వి-హల్ బోట్లు ఎంత మంచి స్టీరింగ్ పెట్టినా కొంత ఊగుతూనే ఉంటాయి.

సొంతంగా చేసుకోవచ్చు, స్పానర్లు పట్టడం వచ్చినవాడికి కష్టం కాదు. ఒక్క చోట మాత్రం ఇంకొకరితో చూపించుకోండి: లింక్ రాడ్ దగ్గర. ఆ నట్లు లోపల నైలాన్ ఉండే సెల్ఫ్ లాకింగ్ రకం, ఒకసారి విప్పితే కొత్తవి వెయ్యాలి, మామూలు నట్టు పెట్టకూడదు. స్పీడులో లింక్ ఊడితే ఇంజిన్ ఒక్కసారిగా పూర్తిగా తిరిగి బోటు గిరుక్కున తిరుగుతుంది, మనిషి నీళ్లలో పడతాడు. మొదటిసారి నీళ్లలోకి దింపినప్పుడు ఇంజిన్ ఆపే తాడు మణికట్టుకి కట్టుకుని, మెల్లగా నడిపి, ఒడ్డుకి వచ్చాక ఆ నట్లు, హైడ్రాలిక్ అయితే హెల్మ్‌లో నూనె మట్టం, మళ్లీ ఒకసారి చూడండి. లింక్ విప్పి పరీక్షించాక ఏది బరువుగా ఉందో ఇక్కడ రాయండి, సిలిండర్ చోటు సంగతి అప్పుడు కొలతలతో మాట్లాడుకుందాం.