పాత పుస్తకాన్ని బతికించే చదువు

ప్రశ్న: డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. మెయిన్ కెమిస్ట్రీ. మా కాలేజీ లైబ్రరీలో కొన్ని పాత పుస్తకాలు తెరిస్తే చాలు, అంచులు పొడిగా రాలిపోతున్నాయి. ఇలాంటివాటిని కాపాడే పని నేర్చుకోవాలని ఉంది. లైబ్రరీ సైన్స్‌లో చేరితే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. లైబ్రరీ సైన్స్ పుస్తకాన్ని వర్గీకరించడం, అడిగిన పాఠకుడికి అందించడం నేర్పుతుంది. పరిరక్షణ గురించి ఒక పేపరు ఉన్నా చేతికి పని రాదు. మీకు కావలసింది కన్జర్వేషన్, అంటే పాత వస్తువులను పాడవకుండా కాపాడి బాగుచేసే విద్య. కెమిస్ట్రీ చదివారు కాబట్టి అందులో సగం దారి మీకు ముందే తెలుసు.

మీరు చూసిన పొడినే తీసుకోండి. పంతొమ్మిదో శతాబ్దంలో కాగితాన్ని చెక్క గుజ్జుతో చేయడం పెరిగింది. సిరా పాకకుండా పటిక, రోజిన్ అనే చెట్టు బంక కలిపారు. గాలిలోని తేమ తగిలినకొద్దీ ఆ పటిక ఆమ్లమై, కాగితానికి బలమిచ్చే సెల్యులోజ్ గొలుసులను తెంచుతుంది. అందుకే అంతకుముందు నూలు గుడ్డపీలికలతో చేసిన కాగితం చాలాసార్లు దీనికంటే గట్టిగా ఉంటుంది. కన్జర్వేటర్ ముందు పీహెచ్, అంటే కాగితంలో ఆమ్లం ఎంతుందో చూస్తారు, సిరా నీటికి కరుగుతుందేమో ఒక చుక్కతో పరీక్షిస్తారు. ఆ తర్వాతే కాల్షియం లేదా మెగ్నీషియం క్షారంతో ఆమ్లాన్ని తగ్గిస్తారు. చిరుగులకు పల్చటి జపాన్ కాగితాన్ని గోధుమ పిండి గంజితో అతికిస్తారు. ఆ గంజి తడి తగిలితే మళ్లీ ఊడొస్తుంది. రేపు ఇంకొకరు విప్పగలిగేలా అతికించడం ఈ వృత్తిలో మొదటి నియమం. ప్రేమ కొద్దీ సెల్లోటేప్ వేసి ఎన్ని పుటలను పాడుచేశారో! దాని జిగురు పసుపు మరకై కాగితంలోకి ఇంకిపోతుంది.

ఇక శిక్షణ. లక్నోలో 1976లో మొదలైన జాతీయ సాంస్కృతిక సంపద పరిరక్షణ పరిశోధనశాల ఉంది. కాగితం, చిత్రాలు, లోహాలు, రాయి అన్నిటి మీదా పనిచేస్తుంది, శిక్షణ కూడా ఇస్తుంది. ఢిల్లీలోని నేషనల్ ఆర్కైవ్స్ నడిపే స్కూల్ ఆఫ్ ఆర్కైవల్ స్టడీస్‌లో డిప్లొమాతోపాటు పుస్తకాలు, రాతప్రతుల సంరక్షణపై స్వల్పకాలిక కోర్సులు ఉన్నాయి. పీజీ కావాలంటే 1989లో నేషనల్ మ్యూజియం ఇన్‌స్టిట్యూట్‌గా మొదలై ఇప్పుడు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్‌గా మారిన సంస్థను చూడండి. ప్రకటన చదివేటప్పుడు ఆ కోర్సు కొత్త విద్యార్థులకా, ఉద్యోగంలో ఉన్నవారికా అన్నది ముందు తేల్చుకోండి. సాంస్కృతిక సంపద పరిరక్షణకు పనిచేసే అంతర్జాతీయ సంస్థ, రోమ్‌లోని ఇక్రోమ్ నడిపే కోర్సులు ఎక్కువగా ఇప్పటికే ఈ రంగంలో పనిచేస్తున్నవారికోసం. అది మీకు కొన్నేళ్ల తర్వాతి మెట్టు.

అమెరికాలో డెలావేర్ విశ్వవిద్యాలయం, వింటర్‌తూర్ మ్యూజియం కలిసి నడిపే మాస్టర్స్ పేరున్నది. అక్కడ ఆర్గానిక్ కెమిస్ట్రీతోపాటు కళా చరిత్ర, చిత్రలేఖనం లాంటి చేతిపని, ముందస్తు అనుభవం చూస్తారు. సీట్లు చాలా తక్కువ. కాబట్టి డిగ్రీ అయ్యాక ఒక ఏడాది ఏదైనా ప్రయోగశాలలో ఇంటర్న్‌గా పనిచేయడాన్ని వృథా అనుకోకండి. నా దృష్టిలో కోర్సు పేరు కంటే ఆ ఏడాదే ముఖ్యం. ఒక్క పుట మీద మధ్యాహ్నమంతా కూర్చోగలరో లేదో అక్కడ తెలుస్తుంది.

ఉద్యోగాల గురించి దాచకుండా చెప్పాలి. శాశ్వత పోస్టులు తక్కువ, చాలా పని ప్రాజెక్టుల మీద వస్తుంది. నైపుణ్యం ఉన్నవారూ తక్కువే. ఫొటోలు, సినిమా రీళ్లు, వస్త్రాలు లాంటి ఒక విభాగంలో లోతుగా దిగినవారిని వెతుక్కుంటూ వస్తారు.

బాగుచేయడం ఒక్కటే పని అనుకోకండి. 1966 నవంబరు 4న ఆర్నో నది పొంగి ఫ్లోరెన్స్‌లోని జాతీయ గ్రంథాలయం బురదపాలైంది. దాన్ని కడిగి ఆరబెట్టడానికి దేశదేశాల నుంచి మనుషులు వెళ్లారు. నేటి పుస్తక పరిరక్షణ పద్ధతుల్లో చాలా భాగం ఆ పనిలో రూపుదిద్దుకున్నాయి. పాడవకముందే ఆపడం ఎంత ముఖ్యమో కూడా ఆ వరదే చూపించింది. గాలిలో తేమ 65 శాతం దాటి నిలిస్తే బూజు పడుతుంది. తేమనూ వెలుతురునూ అదుపులో పెట్టడం, పురుగు చేరకుండా చూడటం, అట్టపెట్టెల ఎంపిక, ఇవన్నీ ఒక ఉద్యోగమే.

కెనడియన్ కన్జర్వేషన్ ఇన్‌స్టిట్యూట్ ఇచ్చే సాంకేతిక పత్రాలు ఆన్‌లైన్‌లో ఉచితం. వాటితో మొదలుపెట్టండి. విలువైన పుస్తకం జోలికి ఇప్పుడే పోవద్దు. పారేసే పుస్తకాల మీద కుట్టు, అతుకు సాధన చేయండి. ఈ వారమే మీ లైబ్రేరియన్‌ను అడిగి నిల్వగదిలో ఉష్ణోగ్రత, తేమ కొలిచే మీటరు పెట్టించండి. రోజూ ఒకే వేళకు అంకెలు రాసుకోండి, పక్కనే ఏ అరలో ఏ మార్పు కనిపించిందో కూడా. మూడు నెలల తర్వాత ఆ నోటుపుస్తకమే మీ దరఖాస్తుకు జతచేసే మొదటి పత్రం అవుతుంది.